నిలువెల్లా వంగపండు రంగు

ఆడపిల్లను తల నుంచి పాదం దాకా ఒకే రంగులో ముంచి తీయడం ఫక్రున్నీసాకు తెలిసినట్టు బెజవాడలో ఇంకొకరికి తెలియదని వన్ టౌన్‌లో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చీర చిలకపచ్చదైతే జాకెట్టు, గాజులు, రిబ్బను, బొట్టు, గోళ్ళరంగు, కనురెప్పల మీద పూత, ఆఖరికి చెప్పుల పట్టీలు కూడా చిలకపచ్చే. అందులోనే ముదురూ లేతా ఉండొచ్చు గానీ పక్క రంగు తొంగిచూడ్డానికి వీల్లేదు. ఆ రోజుల్లో ఆ ముస్తాబుకు ‘ఫుల్ మ్యాచింగ్’ అని పేరు. కాలేజీ ఫేర్‌వెల్‌కో, పెళ్ళిచూపులకో, స్టూడియోలో ఫోటోకో ఆడపిల్లలు రిక్షాలు కట్టించుకుని మరీ ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు.

వాళ్ళ నాన్నకు వన్ టౌన్‌లోనే ఫ్యాన్సీ కొట్టు ఉండేది. గాజులు, రిబ్బన్లు, సవరాలు, తిలకం సీసాలు. సాయంత్రం కొట్టు సర్దేటప్పుడు, కలగలిసిపోయిన గాజుల్ని రంగుల వారీగా విడదీయడం చిన్నప్పుడు ఆమె పని. మామిడిపండు రంగూ మెంతిరంగూ పక్కపక్కన పెడితే పెద్దవాళ్ళే తడబడేవాళ్ళు, ఈ పిల్ల తడబడేది కాదు. కాస్త పెద్దయ్యాక రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ దగ్గర కాటుకకు తోక దిద్దడం, నడినెత్తిన జుట్టు పఫ్‌గా లేపి ముడి చుట్టడం నేర్చుకుంది. పెళ్ళయ్యాక భర్త ముస్తఫా ఇంటి ముందుగది ఖాళీ చేసి ఇచ్చాడు. ఒక అద్దం, ఒక కుర్చీ, గుమ్మానికి పూల కర్టెను. నీసా బ్యూటీ పార్లర్ అలా మొదలైంది.

ఇప్పుడామెకు అరవై ఆరు. ముస్తఫా పోయి చాలాకాలమైంది. కొడుకు రిజ్వాన్ రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేస్తాడు. పార్లర్‌ని కోడలు హఫ్సా నడుపుతోంది. ఏసీ వచ్చింది, గుండ్రంగా తిరిగే కుర్చీలు వచ్చాయి, మొహానికి పూసే సరుకు పేర్లు పలకడానికే నోరు తిరగనంతగా మారిపోయాయి. ఫక్రున్నీసా మాత్రం గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, లోపలికి వచ్చిన ప్రతి అమ్మాయినీ ఎగాదిగా చూసి, “నీకు గంధం రంగు నప్పుతుంది తల్లీ, ఆ గులాబీ వద్దు” అని తీర్పు చెబుతూనే ఉంటుంది. హఫ్సా తల ఊపుతుంది. అమ్మాయిలూ తల ఊపుతారు.

నవంబరు చివర్లో ఒక మధ్యాహ్నం సాయిశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఊరు పామర్రు, విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, మాఘమాసంలో పెళ్ళి. వచ్చీ రాగానే ఫోను తీసి ఫక్రున్నీసా చేతిలో పెట్టింది.

“మామ్మగారూ, ఈ ఫోటోలో ఉన్నావిడ ఎవరో గుర్తుపట్టగలరా అండీ?”

ఫక్రున్నీసా ఫోనును దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది, చివరికి ముక్కుకు ఆనించినంత పని చేసింది. నలుపు తెలుపు ఫోటో. కొండలూ కొబ్బరిచెట్లూ గీసిన పరదా ముందు సన్నటి పిల్ల నిలబడి ఉంది. ఎత్తైన పఫ్, చెవి పక్కన పూలగుత్తి, కాటుక తోకలు, బుట్టచేతుల జాకెట్టు, మడమల పైకి కట్టిన చీర.

“పద్మ!” అంది ఫక్రున్నీసా. “పామర్రు పద్మావతి! లేడీస్ హాస్టల్లో ఉండేది. నువ్వు దానికేమవుతావ్?”

“మా అమ్మమ్మండీ.”

“నీ కళ్ళు అచ్చం దానివే. వారం రోజులపాటు మీ అమ్మమ్మ పాదాలు వంగపండు రంగులో ఉన్నాయి, ఆ సంగతి చెప్పిందా నీకు?”

సాయిశ్రీ నవ్వేసింది. ఫక్రున్నీసాకు ఇంక మాట ఆగలేదు. ఎనభై ఒకటిలో పద్మావతి ఫేర్‌వెల్‌కి వంగపండు రంగు జార్జెట్ చీర కొనుక్కుని వచ్చింది. నాకు నిలువెల్లా ఇదే రంగు కావాలే అంది. ఎర్రటి లిప్‌స్టిక్ దొరకడమే గొప్ప ఆ కాలంలో, వంగపండు రంగుది ఎక్కడ తెస్తారు? ఫక్రున్నీసా వాళ్ళ నాన్న కొట్లోంచి ఊదా తిలకం సీసా తెచ్చి, రెండు చుక్కలు మొహానికి రాసుకునే స్నోలో కలిపి కళ్ళకు పూసింది. ఇంకో చుక్క ఎర్ర లిప్‌స్టిక్‌లో నలిపి పెదాలకు వేసింది. తలలోకి డిసెంబరం పూలు దొరికాయి. అన్నీ కుదిరాయి గానీ చెప్పులే కుదరలేదు. తెల్ల చెప్పులు తెప్పించి, పట్టీలకు వయొలెట్ ఇంకు పట్టించి ఎండబెట్టింది. ఫేర్‌వెల్‌లో పిల్ల ఎగిరెగిరి డాన్సు చేసింది. చెమటకు ఇంకంతా పాదాలకు దిగింది.

“ఫోటో చూసినప్పుడల్లా అనుకునేదాన్నండీ, అసలు ఇది ఏ రంగై ఉంటుందా అని,” అంది సాయిశ్రీ. “మొన్న అమ్మమ్మ చెప్పింది. పెళ్ళికి ముందు నేనూ అచ్చం అలాగే ముస్తాబై ఒక ఫోటో దిగాలండీ. మీరే చెయ్యాలి.”

నాలుగేళ్ళుగా ఎవరి మొహానా చెయ్యి పెట్టని ఫక్రున్నీసా లేచి నిలబడింది. “నేనే చేస్తాను. హఫ్సా, నువ్వు కల్పించుకోవద్దు. ఇది నా పద్మ మనవరాలు.”

మర్నాటి నుంచి ఆమెకు కాలు నిలవలేదు. చీర కొట్లో వంగపండు రంగు జార్జెట్ అని అడిగితే కుర్రాడు తీసిచ్చాడు. మ్యాచింగ్ సెంటర్లో మాత్రం ఎవరి మాటా వినలేదు. తానులన్నీ బల్ల మీద పరిపించి, చీర చెంగు పక్కన పెట్టి పెట్టి చూసి, జాకెట్టు గుడ్డ తనే ఎంచుకుంది. రిబ్బనూ, గాజులూ, గోళ్ళరంగూ అన్నీ తన చేత్తోనే.

ఇంటికొచ్చాక హఫ్సా ఆ జాకెట్టు గుడ్డను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “అమ్మీ, ఇది కొంచెం వేరేగా లేదూ?” అంది మెల్లగా.

“ఏం వేరే? నీకు రంగులు నేర్పిందెవరు?”

“మీరే.”

“మరి?”

హఫ్సా గుడ్డ మడిచి లోపల పెట్టేసింది.

ఫోటో తీసే రోజు పొద్దున్నే ఫక్రున్నీసా పూల కొట్టుకు వెళ్ళింది. డిసెంబరం పూలు అడిగితే పూలావిడ తడిగుడ్డ తీసి దోసిలి నిండా చూపించింది. ఫక్రున్నీసా మొహం చిట్లించింది. “వాడిపోయిన పూలు అంటగడుతున్నావేంటమ్మా? రంగే లేదు.”

“ఇప్పుడే తోటలోంచి వచ్చినయ్యండీ! కళ్ళెట్టుకు చూడండి, ఎట్లా నవనవలాడతన్నయ్యో.”

గొణుక్కుంటూనే తీసుకుంది. ఆ రోజు హఫ్సాకు హనుమాన్ జంక్షన్లో పెళ్ళికూతురి ముస్తాబు ఒప్పుకున్న పని ఉంది. తెల్లవారుతుండగానే వెళ్ళిపోతూ, గుమ్మంలో ఆగి, ఏదో చెప్పబోయి, “జాగ్రత్త అమ్మీ” అని మాత్రం అంది.

స్టూడియోలో సాయిశ్రీని కూచోబెట్టి ఫక్రున్నీసా ఒళ్ళు మరిచి పనిచేసింది. వేళ్ళు పాత దారి మరిచిపోలేదు. పఫ్ లేచింది, ముడి కుదిరింది, కాటుక తోక ఒక్క గీతలో వచ్చింది. కనురెప్పల మీద పూతను తనే కలిపింది. పెదాలకు వేసింది. దూరంగా జరిగి చూసుకుని తృప్తిగా నిట్టూర్చింది.

సాయిశ్రీ అద్దంలో చూసుకుంది. జాకెట్టు చేతిని ఒకసారి తడుముకుంది. “బావుందండీ మామ్మగారూ,” అంది తర్వాత.

ఫోటోగ్రాఫర్ జయకృష్ణ లైట్లు సర్దుతూ, “ఇదేదో మట్టిరంగుల కాన్సెప్ట్ లాగా ఉందే ఆంటీ, వెరైటీగా ఉందండీ,” అన్నాడు. ఈ కాలం పిల్లల భాష తనకు తెలియదులే అనుకుని ఫక్రున్నీసా నవ్వి ఊరుకుంది.

అప్పుడే మెట్లెక్కి పద్మావతమ్మ వచ్చింది. పామర్రు నుంచి బస్సులో వచ్చి, ఆటోలో స్టూడియో వెతుక్కుంటూ ఆలస్యమైంది. స్నేహితురాళ్ళు ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చినంత పని చేశారు. ఏళ్ళూ ఊళ్ళూ పిల్లలూ అడ్డుపడి, ఫోన్లో పలకరింపులు తప్ప మనిషిని మనిషి చూసుకుని చాలా కాలమైంది.

“చూడవే నీ మనవరాలిని!” అంది ఫక్రున్నీసా గర్వంగా.

పద్మావతమ్మ చూసింది. నవ్వు మొహం అలాగే ఉండిపోయింది గానీ అందులోంచి నవ్వు వెళ్ళిపోయింది. మనవరాలి దగ్గరికి వెళ్ళి జాకెట్టు చెయ్యి పట్టుకుంది. బుగ్గ తిప్పి కళ్ళ మీద పూత చూసింది.

“ఫక్రూ,” అంది, “ఇది వంగపండు రంగు కాదే.”

“చాల్లే.”

“చీర వంగపండు రంగే. జాకెట్టు వక్కపొడి రంగు. రిబ్బను నల్లది. కళ్ళకి పూసింది బూడిద రంగులో ఉంది. పెదాలు కాఫీ రంగు.”

“నీకు వయసు మీదపడి కళ్ళు కనపడట్లేదు!” ఫక్రున్నీసా గొంతు లేచింది. “నాకు చెబుతున్నావా రంగుల గురించి? నాకు?”

పద్మావతమ్మ కోప్పడలేదు. స్నేహితురాలి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సాయిశ్రీని కూడా రమ్మంది. ఎండ పడేచోట చీర చెంగునూ జాకెట్టు చేతినీ ఆనించి పట్టుకుంది. “నిజం చెప్పు. ఈ రెండూ నీకు ఒకటేనా?”

ఫక్రున్నీసా వంగి చూసింది. ఒకటే. అంచు ఎక్కడ మొదలైందో కూడా తెలియనంతగా ఒకటే. తలెత్తి సాయిశ్రీ మొహంలోకి చూసింది. ఆ పిల్ల కళ్ళు దించుకుంది. ఫక్రున్నీసా జయకృష్ణ వైపు తిరిగింది. అతను కెమెరా పట్టీ సరిచేసుకుంటున్నాడు.

“రెండేళ్ళ కిందట నాకూ ఇట్లాగే అయిందే,” అంది పద్మావతమ్మ. “అన్నీ పసుపు నీళ్ళలోంచి చూసినట్టు ఉండేవి. అయితే నాకు ఆ సంగతే తెలియలా. రోజూ కాస్త కాస్త మారుతుంటే ఎట్లా తెలుస్తుంది? ఆపరేషన్ అయ్యాక తెలిసింది.”

జయకృష్ణే కలగజేసుకున్నాడు. “పోనీ ఒక పని చేద్దామండీ. పాత ఫోటో బ్లాక్ అండ్ వైటే కదా, ఇదీ బ్లాక్ అండ్ వైట్లో తీసేస్తాను. అచ్చం అలాగే వస్తుంది. తేడా ఎవరికీ తెలీదు.”

పిల్లాడు మంచి మనసుతోనే అన్నాడు. అవమానం దాటేయడానికి దారి అది. ఫక్రున్నీసా కుర్చీలో కూలబడి, తన వేళ్ళకంటిన పూతను చూసుకుంది. అది ఏ రంగో ఆమెకు తెలియలేదు.

“వద్దు బాబూ,” అంది. “తియ్యొద్దు. సాయిశ్రీ, మొహం కడుక్కో తల్లీ. నన్ను క్షమించు.”

“అదేం మాటండీ మామ్మగారూ! పెళ్ళికింకా బోలెడు టైముంది. మీ కళ్ళు బాగయ్యాక మళ్ళీ చేద్దురుగాని. నేనెక్కడికీ పోను,” అంది ఆ పిల్ల.

సాయంత్రం హఫ్సా హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చేసరికి పార్లర్లో లైటు లేదు. ఫక్రున్నీసా తన కుర్చీలో కాకుండా కస్టమర్లు కూచునే కుర్చీలో కూచుని ఉంది. ఆ మొహం చూడగానే హఫ్సాకు అర్థమైంది.

“నీకు ముందే తెలుసు,” అంది ఫక్రున్నీసా. అడగడం కాదు.

హఫ్సా నేల మీద ఆమె కాళ్ళ దగ్గర కూచుంది. “తెలుసు అమ్మీ.”

“ఎప్పటి నుంచి?”

“రెండేళ్ళు దాటింది. మీరు ఎవరికైనా ఫలానా రంగు వెయ్యమని చెప్పినప్పుడు, నేను సరే అని, ఆ అమ్మాయికి నిజంగా నప్పేది వేసేదాన్ని. పొద్దున్నే డబ్బాలు సర్దేటప్పుడు, మీ చెయ్యి ఎటు పోతుందో చూసి, సరైనవి అటు పెట్టేదాన్ని. రోజూ వచ్చేవాళ్ళకు తెలుసు. వాళ్ళూ ఏమీ అనేవాళ్ళు కాదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఒకసారి చెప్పాను అమ్మీ. రంజాన్ ముందు, ఇల్మా పెళ్ళికి. ఆ గాజులు ఆకుపచ్చవి కావు, నీలంవి అన్నాను. ఆ రోజంతా మీరు అన్నం ముట్టలేదు. మళ్ళీ చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.”

ఫక్రున్నీసాకు ఆ రోజు గుర్తొచ్చింది. ఇల్మా తన మేనకోడలు. ఆ గాజులు ఆకుపచ్చవేనని ఇంతసేపటి దాకా నమ్ముతూనే ఉంది. తను గుమ్మం పక్కన కూచుని తీర్పులు చెబుతున్నంత కాలమూ ఈ పిల్ల తన వెనక ఒక్కొక్క రంగునూ సరిదిద్దుకుంటూ వచ్చిందన్నమాట. ఒక్కరి ముందైనా అత్త మాట పడిపోనివ్వకుండా. అంత పని అంత చప్పుడు లేకుండా ఎలా చేయగలిగిందో ఆమె ఊహకు అందలేదు. చెయ్యి చాచి కోడలి తల నిమిరింది.

“ఆపరేషన్‌కి రాయించు,” అంది.

కంట్లో సూది అంటే ఆమెకు చెప్పలేనంత భయం. అందుకే ఇన్నాళ్ళూ రిజ్వాన్ కంటి డాక్టరు దగ్గరికి పదమ్మీ అన్నప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. డాక్టరమ్మ కళ్ళలోకి దీపం వేసి చూసి, “శుక్లం బాగా ముదిరిందండీ. పసుపు అద్దం వెనక కూచుని లోకాన్ని చూస్తున్నారు మీరు. అలా అయినప్పుడు నీలం, ఊదా రంగులే ముందు పోతాయి,” అని చెప్పింది. ముందు ఎడమ కంటికి చేద్దామంది. ఆపరేషన్ బల్ల మీద ఫక్రున్నీసా పెదాలు కదులుతూనే ఉన్నాయి. తెలిసిన దువాలన్నీ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చదివింది.

మర్నాడు ఉదయం నర్సు కట్టు విప్పింది.

మొదట వెలుతురు. కళ్ళు చెదిరే వెలుతురు. నీళ్ళు కారాయి. తుడుచుకుని చూస్తే ఎదురుగా దిండు.

“ఈ గలీబు లేత నీలం వేశారేం?”

“తెల్లదేనండీ అది,” అంది నర్సు నవ్వుతూ.

ఫక్రున్నీసా ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసింది. గలీబు గోధుమపిండి రంగులో ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూసింది. చలికాలపు వెన్నెలంత తెల్లగా ఉంది. మళ్ళీ మార్చింది. మళ్ళీ మార్చింది. గోడ, కిటికీ, బల్ల మీద నీళ్ళ సీసా, మూలనున్న బకెట్టు. ఒక కంటికి టీలో నానబెట్టినట్టున్న లోకం, ఇంకో కంటికి ఇప్పుడే కడిగి ఆరేసినట్టున్న లోకం. రెండూ ఒకే గదిలో ఉన్నాయి. ఆ బకెట్టు నీలాన్ని కన్నార్పకుండా చూసింది. ప్లాస్టిక్ బకెట్టు! అంత నీలం ఒక బకెట్టుకు ఎవరిచ్చారు?

ఇంటికి వెళ్ళే ఆటోలో నల్ల కళ్ళజోడు పెట్టుకోమన్నారు. పెట్టుకుంది గానీ, పక్క నుంచి దొంగచూపులు చూస్తూనే ఉంది. సినిమా పోస్టర్లు, బండి మీద బొప్పాయిలు, సిటీ బస్సు, ట్రాఫిక్ పోలీసు తెల్ల చొక్కా. “అమ్మీ, కళ్ళజోడు!” అని హఫ్సా దారి పొడుగునా కసురుతూనే ఉంది. ఆమె చెవిన వేసుకోలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే అడిగిన మొదటి మాట, “ఆ చీరా జాకెట్టూ ఎక్కడున్నాయి?” అని. హఫ్సా సంకోచిస్తూనే తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఫక్రున్నీసా ఎడమ కన్ను మూసి చూసింది. రెండూ ఒకటే. కుడి కన్ను మూసింది. ఒళ్ళో ఒక వంకాయ తోట, పక్కన ఎండిన వక్క చెక్క. ఎక్కడా పోలికే లేదు. ఇంత తేడానా! ఒక్క క్షణం సిగ్గుతో మొహం కాలిపోయింది. మరుక్షణం ఆ చీర రంగు ఆమెను లాక్కుంది. జార్జెట్ మడత కదిపినప్పుడల్లా ముదురు నీడలోంచి లేత ఊదా మెరిసి పోతోంది. ఎనభై ఒకటి నాటి చీర తనకు బాగా గుర్తుందని అనుకునేది. లేదు. తలలో మిగిలిన ఆ జ్ఞాపకం కూడా కంటితోపాటే మాసిపోయింది. అసలు రంగు ఇంత ఉంటుందని ఆమె మరిచేపోయింది. చీరను మొహానికి హత్తుకుని అలా కూచుండిపోయింది.

డాక్టరమ్మ బయట తిరగొచ్చని చెప్పిన తర్వాత, పామర్రులో పద్మావతమ్మ ఇంట్లోనే ఫోటో తీయాలని ఖాయం చేసుకున్నారు. ఈసారి జాకెట్టు గుడ్డ ఎంచేటప్పుడు ఫక్రున్నీసా హఫ్సాను పక్కనే నిలబెట్టుకుంది. తను ఒకటి తీసి, “నువ్వేమంటావ్?” అని అడిగింది. హఫ్సా ఆశ్చర్యపోయి, ఇంకాస్త ముదురుగా ఉన్నది చూపించింది. ఫక్రున్నీసా ఒప్పుకుంది. ఊదా తిలకం ఇప్పుడు దొరకదేమో అనుకుంటే, కళ్ళకు పూసే పొడుల్లోనే ఆ రంగులో లెక్కలేనన్ని రకాలున్నాయని, అన్నీ తన పార్లర్లోనే ఉన్నాయని అప్పుడు చూసింది. చిన్నపిల్లలా ఒక్కొక్క మూతా తీసి చూసుకుంది.

మాఘమాసం మొదట్లో ఒక ఉదయం అత్తాకోడళ్ళు కారు మాట్లాడుకుని బయల్దేరారు. ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కన కాలువ వెంట వచ్చింది. ఫక్రున్నీసా కిటికీలోంచి చూస్తున్నదల్లా ఒక్కసారి డ్రైవరు భుజం పట్టుకుంది.

“ఆపు బాబూ! ఆపు!”

బండి ఆగీ ఆగకముందే దిగింది. కాలువ మలుపులో, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గుర్రపుడెక్క పట్టేసి ఉంది. నీటిని మింగేస్తుందని, పడవను కదలనివ్వదని, పంటకు నీరందనివ్వదని రైతులందరూ తిట్టిపోసే గుర్రపుడెక్క. అదంతా పూసింది. ఆకు కనపడకుండా పూసింది. లేత ఊదా రంగు చీరలు వేలకు వేలు విప్పి కాలువ మీద పరిచినట్టు, కనుచూపు మేర ఒకటే రంగు. ప్రతి పువ్వు రేకు మీదా కొంచెం ముదురు మచ్చ, ఆ మచ్చలో చిటికెడు పసుపు. గాలి వచ్చినప్పుడు ఆ ఊదా అంతా ఒక్కసారి తల వంచి, మళ్ళీ లేస్తోంది.

ఈ దారిన ఆమె ఎన్నిసార్లు వెళ్ళిందో. ఈ కాలువ ఎప్పుడూ ఉంది, ఈ పూలూ ఎప్పుడూ పూస్తూనే ఉన్నాయి. కళ్ళు మసకబారిన ఇన్నేళ్ళూ దీన్ని బురద అనుకుని దాటిపోయింది.

“సుభానల్లా,” అంది. మళ్ళీ అంది.

డ్రైవరు దిగొచ్చి, “గుర్రపుడెక్కండీ అది. దీన్ని తీయించలేక చస్తున్నారు ఇక్కడ,” అన్నాడు.

“తెలుసు నాయనా. చూడనీ.”

హఫ్సా వచ్చి పక్కన నిలబడింది. అత్తగారు కుడి కన్ను మూస్తుందేమోనని చూసింది. ఆమె మూయలేదు. రెండు కళ్ళూ తెరిచే చూస్తోంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయని ఆమెకు తెలిసినట్టు లేదు. హఫ్సా తన దుపట్టా చివరతో మెల్లగా తుడిచింది.

పామర్రులో పద్మావతమ్మ ఇంటి వసారాలో ఎండ పడేచోట కుర్చీ వేశారు. పని ఇద్దరూ పంచుకున్నారు. జుట్టూ కాటుకా ఫక్రున్నీసావి, మొహం పూత హఫ్సాది. మధ్యమధ్య సాయిశ్రీ గడ్డం పట్టుకుని ఎండలోకి తిప్పి ఇద్దరూ కలిసి చూశారు. చీర కుచ్చిళ్ళు హఫ్సా సర్దింది. ఆఖరి విడత డిసెంబరం పూలను ఫక్రున్నీసా చెవి పక్కన గుత్తిగా గుచ్చింది. గాజులు, గోళ్ళు, బొట్టు. చెప్పులు మాత్రం ఈసారి కొట్లోనే ఆ రంగువి దొరికాయి.

“లేచి నిలబడమ్మా,” అంది.

సాయిశ్రీ లేచి వసారా మెట్టు మీద నిలబడింది. వెనకాల వరి కోసిన పొలం, మసక ఎండ. ఆ పొలం ముందు ఆ పిల్ల ఒక్కటే రంగుగా నిలబడింది. పఫ్ కిందుగా పూలు నల్లబడేంత ముదురు ఊదా. కళ్ళ మీద పూత గాలికి ఎగిరిపోతుందేమోనన్నంత లేత ఊదా. పెదాల దగ్గరికొచ్చేసరికి ఆ రంగు పండి, మెడ దగ్గర చీరలో కలిసి, అక్కడి నుంచి జారి పాదాల దాకా ప్రవహించింది. లైటు పట్టుకున్న జయకృష్ణ దాన్ని కింద పెట్టేసి అలా చూస్తూ ఉండిపోయాడు. పక్కింటి ఆడవాళ్ళు పిట్టగోడ మీదుగా తొంగిచూసి మాటలు ఆపేశారు.

ఫక్రున్నీసా రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఇది తను చేసిందేనా? వయసులో ఉన్నప్పుడు తిలకం చుక్కలతోనూ ఇంకుతోనూ తను చేసింది ఇంత గొప్పదా? అప్పుడు చూసుకునే తీరికే ఉండేది కాదు. ఒక పిల్ల లేవగానే ఇంకో పిల్ల కూచునేది.

పద్మావతమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. సాయిశ్రీయే, “అమ్మమ్మా, ఎలా ఉన్నాను?” అని అడిగింది.

“నాకు నేనే ఎదురొచ్చినట్టుందే,” అంది పద్మావతమ్మ. వచ్చి ఫక్రున్నీసా పక్కన కూచుని, ఆమె భుజం మీద తల పెట్టుకుంది. జయకృష్ణ ఫోటోలు తీస్తున్నంతసేపూ ఇద్దరూ అలాగే కూచున్నారు. కొన్ని బ్లాక్ అండ్ వైట్లో కూడా తియ్యమంటారా అని అతను అడిగితే, ముసలాళ్ళిద్దరూ ఒకేసారి, “వద్దు!” అన్నారు.

రెండో కన్ను ఆపరేషన్ మార్చిలో చేయాలన్నారు. ఫక్రున్నీసా ఎందుకో వాయిదా వేస్తూ వచ్చింది. భయం కాదని ఒప్పుకుంది. “ఈ కన్ను ఇంకొన్నాళ్ళు ఉండనీ హఫ్సా. ఇది మూస్తేనే కదా అది ఎంత చూస్తోందో తెలిసేది,” అంది. రిజ్వాన్ నెత్తి కొట్టుకున్నాడు. చివరికి రెండు కళ్ళ తేడాతో మెట్లు దిగుతూ తూలిపడబోయాక ఒప్పుకుంది.

అదీ అయ్యాక మొదట తన మొహం అద్దంలో చూసుకుని, “ఈ ముడతలన్నీ ఎప్పుడొచ్చాయే!” అని గోల పెట్టింది. తర్వాత పార్లర్ గోడల మీద మరకలన్నీ కనిపించి వారం రోజులు అందరిచేతా కడిగించింది. ఇప్పుడు అమ్మాయిలకు తీర్పులు చెప్పేటప్పుడు, “హఫ్సా, నువ్వూ ఒకసారి చూడు” అనడం అలవాటు చేసుకుంది. హఫ్సా కొన్నిసార్లు కాదంటోంది. అప్పుడు ఇద్దరూ వాదించుకుంటారు. వచ్చిన అమ్మాయి మధ్యలో కూచుని నవ్వుకుంటుంది.

రోజూ ఫజర్ నమాజు కాగానే టీ గ్లాసు పట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోవడం ఆమెకు కొత్తగా పట్టుకున్న పిచ్చి. ఒకరోజు డ్యూటీకి తయారై వెతుక్కుంటూ వచ్చిన రిజ్వాన్‌కు, కొండ వెనక నుంచి తెల్లవారుతున్న వైపు కళ్ళప్పగించి కూచున్న తల్లి కనిపించింది. ముట్టుకోని టీ చల్లారిపోయింది.

“ఏం చూస్తున్నావమ్మీ?”

“కూర్చో,” అంది పక్కకు జరుగుతూ. “ఇంకాసేపట్లో ఆ రంగు మారుతుంది.”

అతను గడియారం చూసుకున్నాడు. తర్వాత బ్యాగు పక్కన పెట్టి కూచున్నాడు.